ఉత్తరానికి తల పెట్టిన ముసలమ్మ

నలభై నిమిషాల్లో దొంగను పట్టేసిన పోలీసుల్ని నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇద్దరినే చూశాను. మొదటివాడు పట్టుకున్నది ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన మనిషిని. రెండోవాడు కుజే.

గురువారం పదకొండుంబావుకి నేను హినోకుచి చేరేసరికి ఆయనగారు కన్నోన్ గుడి మెట్ల మీద నిలబడి, కేసు తేలిపోయిందని ఫోన్లో పైవాళ్ళకి చెప్పుకుంటున్నాడు. వయసులో నాకంటే పద్నాలుగేళ్ళు చిన్న, హోదాలో రెండు మెట్లు పైన. నాలుగు రోజులు ముసురు పట్టిన ఊళ్ళో కూడా బూట్లకి బురద అంటించుకోలేదు. అంటే కారు దిగి మెట్లెక్కడం తప్ప ఇంకేమీ చెయ్యలేదని అర్థం.

"రండి మిబు గారూ! విగ్రహాల విభాగం కూడా దిగిందన్నమాట. ఎలాగూ వచ్చారు కాబట్టి టీ తాగి వెళ్ళండి," అన్నాడు ఫోను జేబులో పెట్టుకుంటూ.

"దొంగ ఎవరు?"

"తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ళు. ఉన్నది ఒకటే తాళంచెవి. తాళం పగలగొట్టలేదు. ఆ తాళంచెవి ఒక ముసలమ్మ నడుముకి వేలాడుతోంది. ఇందులో ఆలోచించడానికి ఏముందండీ?"

"మీకు ఆలోచన కష్టంగా ఉంటే చెప్పండి, నేను చేసిపెడతాను."

అతను నవ్వాడు. నవ్వితే పళ్ళు బావుంటాయని ఎవరో చెప్పి చెడగొట్టారు. "నాలుగింటికి కారు వస్తుంది. ఆవిణ్ణి నగరానికి తీసుకుపోతున్నాం. అప్పటిదాకా మీ ఇష్టం, గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసుకోండి."

హినోకుచిలో ఉన్నవి పదకొండు ఇళ్ళు. గుడికి పూజారి లేడు. వెయ్యేళ్ళనాటి కొయ్య విగ్రహం, పదకొండు ముఖాల కరుణా దేవత కన్నోన్ తల్లిని ఊరివాళ్ళే వంతులవారీగా చూసుకుంటారు. ఏడాదికొక ఇంటికి తాళంచెవి మారుతుంది. ఈ ఏడాది వంతు నిషిజుకా ఫుకిది. డెబ్భై తొమ్మిదేళ్ళ ఒంటరి మనిషి. ఊళ్ళో జనం తగ్గిపోయారు, దొంగల భయం ఎక్కువైంది, కాబట్టి విగ్రహాన్ని ఇకనుంచి మ్యూజియంలో ఉంచుతామని పైవాళ్ళు కాగితాల మీద తేల్చేశారు. ఈ ఉదయం తొమ్మిదింటికి లారీ వచ్చింది. ఫుకి గుడి తాళం తీసింది. మందసం తలుపులు తెరిస్తే లోపల గాలి తప్ప ఏమీ లేదు.

నిన్న సాయంత్రం ఐదింటికి నీళ్ళు మార్చినప్పుడు తల్లి లోపలే ఉందని ఫుకి వాంగ్మూలం. అంటే బుధవారం ఐదు నుంచి గురువారం తొమ్మిది దాకా పదహారు గంటలు. ఈ పదహారు గంటల్ని నమ్ముకుని కుజే, ఊరి నుంచి బయటికున్న ఒకే దారైన వంతెన దగ్గర ఒక కానిస్టేబుల్‌ని నిలబెట్టాడు. తన సంతకం ఉన్న చీటీ లేకుండా ఒక్క బండీ ఊరు దాటకూడదన్నాడు. ఇవాళ ఇతను చేసిన మంచిపని ఇదొక్కటే అనుకున్నాను. ఆ మంచి అభిప్రాయం నాలుగు గంటలు నిలిచింది.

మా నాన్న పాత విగ్రహాలు బాగుచేసే పనివాడు. పెద్దపెద్ద పండితులు వచ్చి తల్లి ముఖంలోని కరుణ గురించి మాట్లాడుతుంటే ఆయన విగ్రహాన్ని ఎత్తి పీఠం అడుగు చూసేవాడు. నేనూ అదే చేశాను. మోకాళ్ళ మీద కూర్చుని మందసంలోకి టార్చి వేశాను.

పద్మపీఠం ఉన్నచోట గుండ్రటి గుర్తు మిగిలింది. చుట్టూ ఏళ్ళ తరబడి ధూపం పొగ పట్టి నల్లబడ్డ పలక, గుండ్రం లోపల లేతరంగు కొయ్య. ఆ లేతరంగు మీద పసుప్పచ్చటి పొడి ఉంది. వేలితో తీసి చూశాను. దేవదారు పుప్పొడి. చుట్టూ ఎంత మందాన పడిందో గుండ్రం లోపలా అంతే మందాన పడింది.

ఆదివారం పొద్దున వీచిన గాలికి ఈ చుట్టుపక్కల జనమంతా తుమ్మారు. ఆ మధ్యాహ్నం పట్టిన వాన ఈ తెల్లవారుజామునే తెరిపిచ్చింది. వానలో పుప్పొడి ఎగరదు. ఇవాళ ఆకు కదల్లేదు. కాబట్టి ఈ పొడి ఆదివారం పొద్దుటిది. ఆ పొద్దున గుడి తలుపులూ మందసం తలుపులూ తెరిచి ఉన్నాయి, ఆ గాలి వీచేసరికే తల్లి మందసంలో లేదు. ముసలమ్మ అబద్ధం ఆడింది. ఒక పూటో అరపూటో కాదు, నాలుగు రోజుల అబద్ధం.

"ఇది చూశారా?" అని కుజేని పిలిచి అడిగాను.

"దుమ్ము."

"వంగి చూశారా?"

అతను ఒకసారి నేల వంకా, ఒకసారి తన ప్యాంటు మడతల వంకా చూసుకున్నాడు. "దుమ్ము చూడ్డానికి వంగాలా అండీ?"

అక్కర్లేదు నాయనా. నీ ప్యాంటు నలగకుండా ఉంటే దేశం క్షేమంగా ఉంటుంది.

ఫుకి ఇల్లు గుడికి పడమరన ఉంది. వాకిట్లో కాపలా కానిస్టేబుల్. లోపల ఒకటే గది, అందులోనే తిండీ, పడకా. ఆవిడ ఒళ్ళో పాత పేపరు పరుచుకుని వెదురు మొలకలు ఒలుస్తోంది. సాయంత్రం జైలుకి పోయే మనిషి రేపటి కూరకి ఒలుస్తున్నట్టుంది.

"కూర్చో అమ్మాయ్. నువ్వు చెప్పులు గుమ్మం వైపు తిప్పి పెట్టావు. ఇందాకటి పిల్లాడు బూట్లు ఎలా విసిరేశాడో చూశావా? ఒకటి ఇటు, ఒకటి అటు. వాళ్ళమ్మ ఏం నేర్పిందో."

"నేర్పే ఉంటుంది మామ్మగారూ. ఆయన వినుండడు. తల్లిని చివరిసారి ఎప్పుడు చూశారు?"

"చెప్పానుగా. నిన్న ఐదింటికి."

"ఆదివారం పొద్దున గుడి తలుపులు ఎందుకు తీశారు?"

వెదురు మొలక మీద చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారు?"

"దేవదారు చెట్లు చెప్పాయి."

"వాటికేం పనిలేదు." మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. "ఆదివారం కాలువల పూడికతీత. ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఊరంతా కాలువలోనే ఉంది. గుడి దగ్గర ఎవరికి పని?"

"అదే అంటున్నాను. ఊరంతా పారలు, తోపుడు బళ్ళు, మట్టి కప్పిన చాపలు. ఏ బండి మీద ఏముందని ఎవరూ అడగని రోజు అదొక్కటే."

ముసలమ్మ తల ఎత్తి మొదటిసారి నన్ను సరిగ్గా చూసింది. "ఇంత బుర్ర ఉండి పెద్ద ఆఫీసరువి కాలేదేం?"

"నోరు మంచిది కాదు."

"అది తెలుస్తూనే ఉంది."

"మామ్మగారూ, సరదా మాటలు కావివి. అలాంటి విగ్రహాన్ని అమ్మితేనే కాదు, దాచినా నేరమే. ఎవరి గుడి, ఎవరి తల్లి అని చట్టం అడగదు. ఈ ఏడాది తాళం మీది. పదకొండు ఇళ్ళ నేరం మీ ఒక్కరి నెత్తిన పడుతుంది."

"పడనీ. అక్కడ వేళకి అన్నం పెడతారట కదా." గొంతులో వణుకు లేదు. "నేను పోతే ఇంకొకరు తాళం పట్టుకుంటారు. తల్లి పోతే ఏం పట్టుకుంటారు?"

అలాంటి మనిషిని బెదిరించి లాభం లేదు. టీ తాగుతున్నట్టు గది చుట్టూ చూశాను. తూర్పు గోడ అవతల కన్నోన్ గుడి. పడమటి గోడకి పోయిన భర్త పేరు రాసిన ఫలకం, దీపం, అన్నం గిన్నె. పరుపు మడిచి మూలన పెట్టింది. పడుకునేటప్పుడు తలాపున ఉంచుకునే చిన్న దీపం, కళ్ళజోడు, పళ్ళసెట్టు గ్లాసు మాత్రం అలాగే వదిలేసింది. మూడూ ఉత్తరపు గోడ వారగా ఉన్నాయి.

నా చేతిలో టీ చల్లారిపోయింది. మా దేశంలో ఉత్తరానికి తల పెట్టి పడుకోబెట్టేది శవాన్ని. హోటల్లో దిగినా దిక్కు చూసుకుని దిండు తిప్పుకునే జనం మేం. డెబ్భై తొమ్మిదేళ్ళ పల్లెటూరి మనిషి తనంతట తాను ఉత్తరానికి తల పెట్టుకుంటుందా?

దక్షిణపు వైపు, నేలంతా పరిచిన గడ్డిచాప మీద చూశాను. ఎండకి వెలిసిన గడ్డి మధ్య గుండ్రటి పచ్చటి మచ్చ ఒకటి ఉంది. దీపం అడుగుభాగమంత వెడల్పు. దాని పక్కన గ్లాసు నొక్కులు. అంటే నిన్నమొన్నటిదాకా తల దక్షిణానికి ఉండేది, కాళ్ళు ఉత్తరానికి. తూర్పుకి కాళ్ళు చాపితే గుడి, పడమరకి చాపితే భర్త. మిగిలింది ఉత్తరం ఒక్కటే, యాభై ఏళ్ళుగా అటే చాపింది. ఇప్పుడు అటు చాపలేకపోతోంది. చచ్చినదానిలా పడుకోవడానికైనా ఒప్పుకుంది గానీ, ఉత్తరానికి కాళ్ళు పెట్టడానికి ఒప్పుకోలేదు.

ఉత్తరాన ఎవరో వచ్చి కూర్చున్నారు.

ఏమీ అనకుండా లేచి వచ్చేశాను. ఒంటిగంట నుంచి ఇల్లిల్లూ తిరిగాను. ఒకచోట చెయ్యి కడుక్కోవాలన్నాను, ఒకచోట ఫోను పెట్టుకోవడానికి ప్లగ్గు కావాలన్నాను. అందరూ టీ ఇచ్చారు, ముల్లంగి ఊరగాయ పెట్టారు. నిన్న సాయంత్రం తల్లి గుడిలోనే ఉందని ఒకే మాట, ఒకే రాగంలో చెప్పారు. పదకొండు ఇళ్ళవాళ్ళు కలిసి అబద్ధం బట్టీపట్టారు గానీ ఒక్కరికీ నటన రాదు.

నోళ్ళు చెప్పనిది పడకలు చెప్పాయి. మూడో ఇంట్లో ఎనభై రెండేళ్ళ ముసలాయన పరుపు మీదే ఉన్నాడు, కుస్తీపోటీలు చూస్తున్నాడు. టీవీ తల వెనక ఉంది. మెడ వెనక్కి విరుచుకుని, తలకిందులుగా చూస్తున్నాడు.

"తాతగారూ, అటు తిరిగి పడుకోవచ్చుగా?"

"ఇలాగే బావుంది."

"మల్లయోధులు తలకిందులుగా కనపడ్డం లేదూ?"

"ఎలా చూసినా పడేవాడు పడతాడు," అన్నాడు. ఆయన భార్య వంటింట్లోంచి గబగబా వచ్చి నాకు మరో కప్పు టీ పోసింది.

రెండింటికల్లా పది ఇళ్ళు అయ్యాయి. ఫుకితో కలిపి ఆరిళ్ళలో పడకలు తిరిగాయి. నాలుగిళ్ళలో తిప్పాల్సిన అవసరమే రాలేదు, వాళ్ళ కాళ్ళు మొదటినుంచీ కొండల వైపే. పాత మచ్చల్ని బట్టి ఆ ఆరిళ్ళవాళ్ళు అంతకుముందు ఎటు కాళ్ళు చాపేవారో కాగితం మీద గీతలు గీశాను. ఆరు గీతలూ ఒక్కచోట కలిశాయి. ఫుకి ఇంటికి ఉత్తరాన, ఎవరూ వాడని పట్టుపురుగుల షెడ్డు దగ్గర.

పదకొండో ఇల్లు ఊరిపెద్ద సొనోబెది. అరవై ఆరేళ్ళు, పెళ్ళాం పోయింది, మాట మెత్తన. పొద్దుట్నుంచీ పోలీసులకి ఉడకబెట్టిన గుడ్లు, టీ పంపిస్తున్నది ఇతనే. నేను వెళ్ళేసరికి రెండూ ఇరవై. వాకిట్లో చిన్న ట్రక్కు మీద పొడుగాటి పరుపుల చుట్ట ఎక్కించబోతూ నడుం పట్టుకుని నిలబడ్డాడు. పక్కన, నా ఖర్మకొద్దీ, కుజే.

"అమ్మ పరుపులండీ," అన్నాడు సొనోబె నాతో. "పోయి ఆరేళ్ళయింది. ఇంకా బీరువా నిండా ఉన్నాయి. పట్నంలో పాత పరుపులు తీసుకునేది గురువారాలే. ఈ గొడవలో వెళ్ళనిస్తారో లేదోనని ఆఫీసరుగారిని అడిగాను."

"వెళ్ళండి, వెళ్ళండి. ముసలావిడ పరుపుల మీద కూడా అనుమానపడితే ఎలా?" అని కుజే నా వంక చూస్తూ చీటీ మీద సంతకం గీకాడు. ఆ చూపు నాకోసమే. ఊరివాళ్ళతో మంచిగా ఉండడం ఎలాగో నేర్చుకోమని. మంచితనం కట్టలు తెంచుకుని, ఓ చెయ్యి కూడా వేసి ఎత్తాడు. "బాబోయ్, ఇంత బరువేంటండీ!"

"పాత దూది కదా. ఈ వానలకి తేమ పీల్చింది."

తాడు బిగించడానికి కుజే బూటుకాలు ఎత్తి చుట్ట మీద ఆనించాడు. సొనోబె ఒక్క ఉదుటున వచ్చి ఆ కాలు తోసేశాడు. మెత్తటి మనిషి ముఖం ఎర్రబడింది.

"కాలు పెట్టకండి!" అని, వెంటనే తగ్గి, "క్షమించండి. అమ్మది కదా," అన్నాడు.

నిజం చెప్తున్నాను, ఆ క్షణాన నాకు అతని మీద గౌరవం కలిగింది. తల్లి పడుకున్న పాత పరుపు మీద కాలు పెట్టనివ్వని కొడుకు ఈ రోజుల్లో ఎక్కడున్నాడు? దారికి అడ్డంగా ఉందని నా కారు నేనే పక్కకి తీశాను.

"ఇంట్లో టీ ఉంది, మీరే పోసుకోండి. తాళం వెయ్యను," అని సొనోబె ట్రక్కు ఎక్కాడు. లోపలికి వెళ్ళి చూశాను. మగవాడి ఒంటరి కొంప. పరుపు ఎత్తి ఎన్నాళ్ళయిందో, చాప మీద దాని ఆకారమే అచ్చుపడింది. పడక తిరగలేదు. కాళ్ళు నేరుగా పట్టుపురుగుల షెడ్డు వైపు. తలాపున దీపం ఎక్కడుందో పచ్చమచ్చా అక్కడే ఉంది. భక్తి లేనివాడు, తల్లి మీద ప్రేమ మాత్రం ఉన్నవాడు అని నా చిట్టాలో రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పుడు చదువుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండూ నలభై ఐదుకి కుజే కారు బానెట్ మీద కాగితం పరిచాను. అతను చివరిదాకా విన్నాడు. విని, పక్కనున్న కానిస్టేబుల్‌ని పిలిచాడు.

"ఇటురా, ఇది నువ్వు కూడా వినాలి. మిబు గారు విగ్రహం ఎక్కడుందో ముసలాళ్ళ కాళ్ళని అడిగి తెలుసుకున్నారు."

"కాళ్ళు అబద్ధం ఆడలేదు. మీరు నోళ్ళని అడిగారు, ఏం తెలిసింది?"

"సరే, మీ దారికే వస్తాను. ఆరిళ్ళవాళ్ళు తిరిగారు. మరి ఇదేంటి, ఏడో గీత?" వేలు పెట్టి చూపించాడు. "సొనోబె కాళ్ళు సరిగ్గా మీ షెడ్డు మీదకే ఉన్నాయి. ఊరిపెద్దకి తెలియకుండా ఊరు విగ్రహాన్ని దాచిందా? తెలిసీ తల్లి మీదకి కాళ్ళు చాపాడా? ఏడింట్లో ఒకటి తప్పిన లెక్క పట్టుకుని నన్ను షెడ్లు తవ్వమంటారా?"

"ఒక్కడికి భక్తి లేదు. అంతే."

"అంతేనా! బావుంది. మీకు నచ్చినవాళ్ళకి భక్తి, నచ్చనివాళ్ళకి లేదు." వాచీ చూసుకున్నాడు. "ఇంకో గంటంబావు ఉంది. కావాలంటే కోళ్ళ కాళ్ళు కూడా చూసి రండి."

కానిస్టేబుల్ నవ్వలేదు. వాడిది కూడా పల్లెటూరే అయ్యుంటుంది. కుజే అడిగిన ప్రశ్న మాత్రం సరైనది. మూర్ఖుడు రోజుకొకసారి సరైన ప్రశ్న అడుగుతాడు, మనం వాడి ముఖం చూసి దాన్ని వదిలేస్తాం. నేనూ వదిలేశాను.

మూడుంబావుకి మళ్ళీ ఫుకి ముందు కూర్చున్నాను. వెదురు మొలకలు ఉడుకుతున్నాయి.

"మామ్మగారూ, ఉత్తరానికి తల పెట్టి నిద్రపడుతోందా?"

ఆవిడ గిన్నె మీద మూత సర్దింది. "పట్టడం లేదు," అంది. "ఆయన వచ్చి పిలుస్తున్నట్టు ఉంటోంది."

"షెడ్డులో ఎక్కడ పెట్టారు?"

"నేల కింద. చిలగడదుంపలు దాచే గొయ్యి ఉంది. పొట్టు పోసి, పెట్టె దించి, పైన చాప వేశాం. పొడిగా ఉంటుంది." ఒక్కసారి చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. "సైన్యాలొచ్చి గుళ్ళు తగలబెట్టినప్పుడు మా పెద్దలు తల్లిని వరిమడి బురదలో దాచారట అమ్మాయ్. ఎడమచేతి వేళ్ళు అప్పుడే పోయాయి. బురదలో పెట్టినందుకు ఊరంతా మూడేళ్ళు ఏడ్చిందట. మేం బురదలో పెట్టలేదు. కొత్త నూలుబట్ట చుట్టాం. ముఖానికి మెత్తటి కాగితం కట్టాను, నా చేత్తో. అద్దాల పెట్టెలో పెట్టి, టిక్కెట్టు కొని చూడమంటే... నేను పొద్దున్నే అన్నం ఎవరికి చూపించాలి?"

"ఇప్పుడు తల్లిని మీ చేత్తోనే బయటికి తీసి గుడిలో పెడదాం. మీరే చూపించారని నేను రాస్తాను. దొరికిన విగ్రహానికి జైలు ఉండదు, నేను ఉండనివ్వను. కాదంటే ఆ పిల్లాడు రేపు ఇరవైమందితో వచ్చి గునపాలతో తవ్విస్తాడు. ఎక్కడ తగులుతుందో వాడికి పట్టదు."

ముసలమ్మ కళ్ళు మూసుకుంది. గునపం అన్న మాటకే ఓడిపోయింది. లేచి పొయ్యి ఆర్పి, మంచి కోటు తొడుక్కుంది.

షెడ్డుకి వెళ్ళేసరికి మూడున్నర. కుజే కూడా వచ్చాడు. నేను ఓడిపోతే చూడాలని వచ్చాడు గానీ పనికోసం కాదు. తలుపుకి తాళం ఉంది.

"తాళంచెవి?" అన్నాను.

"సొనోబె దగ్గర. అతని షెడ్డేగా," అంది ఫుకి. "ఇక్కడ దాద్దామన్న ఆలోచన కూడా అతనిదే. తల్లిని పోనివ్వనని అందరికంటే ఎక్కువ ఏడ్చింది అతనే."

కానిస్టేబుల్ కొక్కెం పీకేశాడు. లోపల పాత మల్బరీ ఆకుల వాసన. ఫుకి చెప్పులు విప్పి, చాప ముందు మోకరిల్లి, నుదురు నేలకి ఆనించి, "కదిలిస్తున్నందుకు క్షమించు తల్లీ," అంది. చాప తీశాం. పలకలు తీశాం. పెట్టె మూత నేనే ఎత్తాను.

పొట్టు ఉంది. కొత్త నూలుబట్ట ఉంది, చక్కగా మడత పెట్టి. దాని మీద ముఖానికి కట్టిన మెత్తటి కాగితం. తల్లి లేదు.

కుజే గొంతు సవరించుకున్నాడు. "చెప్పానా? కాళ్ళని నమ్మితే ఇలాగే..."

"నోరు ముయ్యండి," అన్నాను. పై అధికారిని అలా అనడం అదే మొదలు, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. "కాళ్ళే నిజం చెప్పాయి. మీరు అడిగారు, ఏడో గీత ఏంటని. ఇక్కడ తల్లి ఉందనుకున్నవాళ్ళంతా పడక తిప్పుకున్నారు. లేదని తెలిసినవాడు ఒక్కడే తిప్పుకోలేదు. ఖాళీ గోతివైపు కాళ్ళు చాపుకుంటే పాపం ఏముంది? హాయిగా నిద్రపోయాడు."

అతను ఇంకా అర్థంకాని ముఖమే పెట్టాడు.

"వాడు భక్తుడే కుజే గారూ. తల్లి మీద మీ బూటుకాలు పడేసరికి ప్రాణం పోయినట్టు ఎగిరాడు చూడండి. ఆ బరువు దూదిది కాదు. వెయ్యేళ్ళ కొయ్యని మీరు ఓ చెయ్యి వేసి ట్రక్కు ఎక్కించి, తాడు బిగించి, సంతకం చేసి పంపారు. రెండున్నరకి." ఆగాను. తర్వాత మాట నా నోటితో నేనే అనాలి. "నేను కారు పక్కకి తీసి దారి ఇచ్చాను."

కానిస్టేబుల్ అప్పటికే రేడియో మీద వంతెన దగ్గరివాణ్ణి పిలుస్తున్నాడు. జవాబు బయటికి వినపడింది. సొనోబె గారి ట్రక్కా, చీటీ చూపించారు సార్, గుడ్లు కూడా ఇచ్చారు, వంతెన దాటి గంట అయింది. గంటలో ఆ ట్రక్కు పెద్దరోడ్డెక్కి ఏ ఊరికైనా పోవచ్చు, ఏ రేవుకైనా పోవచ్చు. పట్నంలో పరుపులు తీసుకునేది మంగళవారాలట, గురువారాలు కాదట. అది కూడా ఆ రేడియోలోనే తెలిసింది.

ఫుకి మా మాటలు వినడం లేదు. ముఖానికి కట్టిన కాగితాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, గోతి ముందు అలాగే కూర్చుంది. జైలుకైనా వెళ్తానన్నప్పుడు వణకని గొంతు ఇప్పుడు వణికింది.

"ఎటు తీసుకుపోయాడు అమ్మాయ్?"

"తెలియదు మామ్మగారూ. పట్టుకుంటాం. ఎటు పోయినా పట్టుకుంటాం."

"అది కాదు." నా చెయ్యి పట్టుకుంది. "ఏ దిక్కుకో ఒక్కటి చెప్పు చాలు. ఇవాళ నేను ఎటు కాళ్ళు చాపుకోను?"